‘గెట్’ అనే చిన్న క్రియ: థాయి విద్యార్థికి ఎదురయ్యే చిక్కు

బ్యాంకాక్ నగరంలోని ఒక ఆసుపత్రిలో ఒక విదేశీయుడు రోగిగా చేరినాడనుకొందాం. అతని మంచం ప్రక్కన థాయి నర్సు నిలిచి ఉన్నది. ఆమె బడిలోను, కళాశాలలోను చాలా సంవత్సరాలు ఇంగ్లీషు చదివినది. రోగాల పేర్లు, మందుల పేర్లు, శరీరభాగాల పేర్లు ఆమెకు కంఠస్థం. రోగి ఆమెతో ఐదు చిన్న వాక్యాలు పలికినాడు. “డిడ్ యూ గెట్ మై రిపోర్ట్?” “వెన్ ఐ గెట్ అప్, ఐ గెట్ డిజ్జీ.” “ఐ డోంట్ గెట్ ఇట్.” “ఐ వాంట్ టు గెట్ ఆఫ్ దిస్ మెడిసిన్.” “వెన్ విల్ ఐ గెట్ హోమ్?”

ఈ వాక్యాలలో కఠినమైన పదం ఒక్కటీ లేదు. అయినా వీటిలో ‘గెట్’ అనే క్రియ ఆరుసార్లు వచ్చినది; ఆరు చోట్లా దాని అర్థం వేరు. మొదటిచోట ‘అందుట’, రెండవచోట ‘లేచుట’, మూడవచోట ‘తల తిరుగుట మొదలగుట’, నాల్గవచోట ‘అర్థమగుట’, ఐదవచోట ‘మానివేయుట’, ఆరవచోట ‘చేరుట’. నర్సు తన మనస్సులో వీటిని థాయి భాషలోకి మార్చుకోవాలంటే ఆరు వేర్వేరు మాటలు వెదకుకోవలసి ఉంటుంది. ఐదవ అర్థం తప్పిపోతే కలిగే నష్టం సామాన్యమైనది కాదు. మందు మానివేయాలని రోగి అంటే, మందు కావాలని అతడు అడిగినట్లు ఆమెకు వినిపించవచ్చును.

ఇంగ్లీషు నేర్చుకొనే వారిని పెద్ద మాటలు కంటె చిన్న మాటలే ఎక్కువగా బాధిస్తాయనే విషయం ఉపాధ్యాయులకు అనుభవంలో ఉన్నదే. ఇది ఎందువలన జరుగుతుంది? ఒక్క మాటకు ఇన్ని అర్థాలు ఎక్కడినుండి వచ్చినవి? వాటి వెనుక ఏదైనా క్రమం ఉన్నదా, లేక ఇదంతా కేవలం భాషలోని అల్లరియేనా? ‘గెట్’ అనే క్రియను, దానితో తలపడే థాయి విద్యార్థిని ఉదాహరణగా తీసుకొని ఈ ప్రశ్నలను పరిశీలించవచ్చును.

థాయిలాండులో ఈ ప్రశ్నకు ప్రాముఖ్యం ఉన్నది. 1996 పాఠ్యప్రణాళికతో అక్కడ ఒకటవ తరగతి నుండే ఇంగ్లీషు బోధన ఆరంభమైనది. 2008లో అమలులోకి వచ్చిన ఆసియాన్ సంస్థ శాసనపత్రం, తన 34వ అధికరణంలో, ఆ సంస్థ కార్యభాష ఇంగ్లీషే అని పేర్కొన్నది. కనుక ఆ దేశంలోని నర్సులకు, హోటలు ఉద్యోగులకు, వర్తకులకు ఇంగ్లీషు పరీక్షలో నెగ్గవలసిన పాఠ్యాంశం మాత్రమే కాదు, జీవనోపాధికి సాధనం కూడా.

నానార్థాలు ఎట్లా పుడతాయి?

ఒకే పదానికి అనేక అర్థాలు ఉండటం మనవారికి క్రొత్త విషయం కాదు. అమరకోశంలోని తృతీయకాండలో నానార్థవర్గం అనే భాగమే వేరుగా ఉన్నది. ఆధునిక భాషాశాస్త్రంలో ఈ లక్షణానికి ‘పాలిసెమీ’ అని పేరు. ఫ్రెంచి భాషావేత్త మిషెల్ బ్రేయాల్ 1897లో ప్రకటించిన గ్రంథంతో ఈ పేరు ప్రచారంలోకి వచ్చినది. తెలుగులో దీనిని అనేకార్థత అనవచ్చును.

అనేకార్థత వేరు, కేవలం ధ్వనిసామ్యం వేరు. ఇంగ్లీషులో గబ్బిలాన్ని ‘బ్యాట్’ అంటారు, క్రికెట్ ఆడే కర్రను కూడా ‘బ్యాట్’ అంటారు. ఈ రెండు మాటలూ వేర్వేరు మూలాలనుండి వచ్చి, కాలక్రమాన ఒకే ఉచ్చారణలో కలిసినవి. వాటి మధ్య బంధుత్వం లేదు. ‘గెట్’ సంగతి అట్లా కాదు. దాని అర్థాలన్నీ ఒకే విత్తునుండి మొలచి, శాఖోపశాఖలుగా పెరిగినవి. చెట్టు కొమ్మల చివరలను మాత్రమే చూసేవారికి అవి దూరదూరంగా కనిపిస్తాయి. మొదలువైపు చూస్తే సంబంధం తెలుస్తుంది.

ఎక్కువగా వాడే మాటకే ఎక్కువ అర్థాలు ఉంటాయి. అమెరికన్ పండితుడు జార్జ్ కింగ్స్‌లీ జిఫ్ 1945లో ఈ సంబంధాన్ని గణితరూపంలో చెప్పినాడు. ఒక పదానికి గల అర్థాల సంఖ్య, ఆ పదం వాడుకలోని పౌనఃపున్యానికి సుమారుగా వర్గమూలాన్ని అనుసరించి ఉంటుందని ఆయన సూచన. అనగా ఒక మాట మరొక మాటకంటె నూరు రెట్లు ఎక్కువగా వాడుకలో ఉంటే, దాని అర్థాలు సుమారు పది రెట్లు ఉండవచ్చును. చేతిలో ఎప్పుడూ ఉండే పనిముట్టునే మనిషి క్రొత్త పనులకు కూడా వాడుతాడు. కత్తిపీట చెంత ఉంటే కూరలే కాక కొబ్బరి త్రాడు కూడా దానితోనే కోస్తాడు. భాషలోనూ అంతే.

నిఘంటువులే ఇందుకు సాక్ష్యం. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు 1989 ముద్రణలో ‘సెట్’ అనే మాటకు అందరికంటె పెద్ద పీట వేయబడినది. తరువాతి సవరణలో ‘రన్’ అనే క్రియ దానిని మించిపోయినదని, దానికి 645 అర్థాలు లెక్కకు వచ్చినవని 2011లో ప్రకటితమైనది. ‘సెట్’, ‘రన్’, ‘టేక్’, ‘గెట్’ అన్నీ ఏకాక్షరాలవంటి పొట్టి మాటలే కావడం గమనింపదగినది.

‘గెట్’ పుట్టుక

ఇంగ్లీషు భాషకు ‘గెట్’ అనే క్రియ నేరుగా సొంత ఆస్తి కాదు. పాత ఇంగ్లీషులో ఈ ధాతువు ఉపసర్గలతో కూడి మాత్రమే కనిపించేది. ‘మరచుట’ అనే అర్థం గల ‘ఫర్గెట్’ అటువంటిదే. తొమ్మిదవ శతాబ్దం మొదలుకొని స్కాండినేవియా ప్రజలు ఇంగ్లండుకు వలస వచ్చి స్థిరపడినారు. వారి భాషలోని ‘గెటా’ అనే క్రియ పదమూడవ శతాబ్దం నాటికి ఇంగ్లీషులో ‘గెట్’గా స్థిరపడినది. దీని మూలార్థం ‘చేజిక్కించుకొనుట, పట్టుకొనుట’. లాటిన్ భాషలో పట్టుకొనుట అనే అర్థం గల ‘ప్రెహెండెరే’ కూడా ఈ ప్రాచీన ధాతువు సంతానమే. దానినుండి పుట్టిన ‘కాంప్రెహెండ్’ అనే ఇంగ్లీషు మాటకు అర్థం ‘గ్రహించుట’. చేతితో పట్టుకొనుట మనస్సుతో పట్టుకొనుటగా మారినది. సంస్కృతంలో ‘గ్రహించు’ అనే మాటలోనూ సరిగా ఇదే మార్పు జరిగినది. కనుక “ఐ గెట్ ఇట్” అంటే “అర్థమైనది” అని భావం రావడంలో ఆశ్చర్యం లేదు.

ఈ విధంగా చూస్తే ‘గెట్’ యొక్క కేంద్రార్థాన్ని ఇట్లా చెప్పవచ్చును: ఇంతకు ముందు లేని స్థితిలోనికి వచ్చుట. లేని వస్తువు చేతికి వస్తే ‘పొందుట’. లేని గుణం వస్తే ‘అగుట’. లేని చోటికి వస్తే ‘చేరుట’. లేని జ్ఞానం వస్తే ‘గ్రహించుట’. వస్తువు, గుణం, స్థలం, జ్ఞానం అనే నాలుగు దిక్కులలో ఒకే కదలిక ఉన్నది. మొదట ఒక మనిషి, ఒక వస్తువు ఉన్న చోట, తరువాత మనిషి, అతని స్థితి నిలిచినవి.

థాయి భాషలోని ‘దాయ్’

థాయి భాష సంస్కృతానికి గాని, తెలుగుకు గాని పుట్టుకచేత బంధువు కాదు. అది క్రా–దాయి అనే వేరొక కుటుంబానికి చెందినది. అందులో ఐదు స్వరస్థాయులు ఉన్నవి. స్వరం మారితే అర్థం మారుతుంది. ఇక్కడ థాయి మాటల ఉచ్చారణ తెలుగు లిపిలో సుమారుగా మాత్రమే ఇవ్వబడినది. అయితే సంస్కృత, పాళీ భాషలనుండి ఆ భాష వేలకొలది పదాలను స్వీకరించినది. ‘క్రియ’ అనే వ్యాకరణపదం కూడా అక్కడ దాదాపు అదే రూపంలో ఉన్నది. బండిని వారు ‘రోత్’ అంటారు. అది మన ‘రథం’. ‘ఫలం’ అక్కడ ‘ఫోన్’ అయినది. నిఘంటువుకు వారు వాడే పేరులో ‘వచనం’, ‘అనుక్రమం’ అనే రెండు మాటలు దాగి ఉన్నవి. వారి లిపి ఖ్మేర్ లిపినుండి, అది దక్షిణ భారతదేశపు పల్లవ లిపినుండి వచ్చినది.

‘గెట్’ అనే మాటకు థాయి విద్యార్థి మొట్టమొదట నేర్చుకొనే సమానార్థకం ‘దాయ్’. ఈ సమానార్థకం నిజమే, కాని సగం నిజం. ‘దాయ్ ఙాన్’ అంటే ఉద్యోగం దొరికినదని అర్థం. ఇక్కడ ‘గెట్’, ‘దాయ్’ చేయి చేయి కలిపి నడుస్తాయి. ఆ తరువాత ‘దాయ్’ తన దారి తాను చూసుకొంటుంది.

మరొక క్రియ తరువాత వస్తే ‘దాయ్’ శక్తిని, అనుమతిని తెలుపుతుంది. ‘పయ్’ అంటే పోవుట. ‘పయ్ దాయ్’ అంటే పోగలుగుట. ఆ క్రియకు ముందు వస్తే అవకాశం లభించుటను తెలుపుతుంది; ‘దాయ్ పయ్’ అంటే పోవడానికి అవకాశం కలిగినది, పోవడం జరిగినది అని. ‘మాయ్’ అనే నిషేధపదం చేరితే భేదం మరింత స్పష్టమవుతుంది. ‘పయ్ మాయ్ దాయ్’ అంటే పోలేడు. ‘మాయ్ దాయ్ పయ్’ అంటే పోలేదు. మాటలు మూడూ అవే. స్థానం మారినందువలన శక్తి లేకపోవడం ఒకటి, పని జరగకపోవడం ఒకటి అయినది. ‘దాయ్ యిన్’ అంటే వినిపించుట. ‘దాయ్ ఫోన్’ అంటే అక్షరాలా ఫలం పొందుట. మందు పనిచేసినదని చెప్పడానికి ఈ మాటను వాడుతారు.

పొందుట అనే అర్థం గల మాటకు ‘చేయగలుగుట’ అనే అర్థం రావడం థాయి భాష ఒక్కదాని ప్రత్యేకత కాదు. లావో, ఖ్మేర్, వియత్నామీ, మోంగ్ వంటి ఇరుగుపొరుగు భాషలలోనూ ఇది ఉన్నది. వేర్వేరు కుటుంబాలకు చెందిన ఈ భాషలు చిరకాల సహవాసంవలన ఒకదాని అలవాటు మరొకటి నేర్చుకొన్నవి. భాషావేత్త నిక్ ఎన్‌ఫీల్డ్ 2003లో ఈ విషయంపై ఒక పూర్తి గ్రంథం ప్రకటించినాడు. ఇంతకంటె వింత మరొకటి ఉన్నది. ‘గెట్’కు తోబుట్టువైన ‘గెటా’ ఐస్‌లాండిక్ భాషలో నేటికీ జీవించి ఉన్నది. అక్కడ దాని ప్రధానార్థాలలో ‘చేయగలుగుట’ ఒకటి. అనగా ఇంగ్లీషు ‘గెట్’ త్రొక్కని త్రోవను దాని తోబుట్టువు త్రొక్కి, ఎన్నడూ ఎరుగని థాయి ‘దాయ్’ను కలుసుకొన్నది. తెలుగులో ఈ పనిని ‘వచ్చు’ చేస్తున్నది. “అతనికి ఈత వచ్చు”, “మీరు వెళ్ళవచ్చు” అనే వాక్యాలలో ‘రాక’ శక్తిగాను, అనుమతిగాను మారినది. ఏ భాష ఏ త్రోవ త్రొక్కుతుందో ముందుగా చెప్పలేము. కాని త్రొక్కదగిన త్రోవలు మాత్రం కొన్నే.

త్రోవలు విడిపోయే చోట్లు

థాయి విద్యార్థి చిక్కులన్నీ ‘గెట్’, ‘దాయ్’ అనే రెండు చెట్ల కొమ్మలు వేర్వేరు దిక్కులకు తిరిగిన చోట్లనే కనిపిస్తాయి. ముఖ్యమైన వాటిని వరుసగా చూడవచ్చును.

మొదటిది, గుణంలో మార్పు. ఇంగ్లీషులో మేలు అయినా, కీడు అయినా, పెరిగినా, తరిగినా ‘గెట్’ ఒక్కటే. “గెట్ బెటర్”, “గెట్ హాట్”, “గెట్ థిన్” అని అంటారు. థాయి భాషలో ‘దాయ్’కు ఇక్కడ చోటు లేదు. ఎక్కుట అనే అర్థం గల ‘ఖున్’, దిగుట అనే అర్థం గల ‘లోఙ్’ ఈ పని చేస్తాయి. ఆరోగ్యం బాగుపడితే ‘దీ ఖున్’, అనగా ‘మంచి ఎక్కినది’. ఎండ పెరిగితే ‘రోన్ ఖున్’, అనగా ‘వేడి ఎక్కినది’. మనిషి చిక్కిపోతే ‘ఫోమ్ లోఙ్’, అనగా ‘సన్నదనం దిగినది’. చీకటి పడినా ‘లోఙ్’ అనే అంటారు. థాయి భాష ప్రతి మార్పునకు పైకా, క్రిందికా అని అడుగుతుంది. ఇంగ్లీషు మార్పు జరిగినదని మాత్రం చెప్పి ఊరుకొంటుంది. కనుక ‘గెట్’ వంటి క్రియ ఇక్కడ అవసరమని థాయి విద్యార్థికి సులభంగా తోచదు. అతడు దానిని విడిచివేస్తాడు, లేదా ‘బీ’ అనే క్రియతో సరిపెట్టుకొంటాడు. “ఐ యామ్ టైర్డ్” అంటే అలసి ఉన్నాననీ, “ఐ గెట్ టైర్డ్” అంటే అలసట వస్తుంటుందనీ గల భేదం అట్లా మరుగునపడుతుంది. రోగి పరిస్థితిని వ్రాసుకొనే నర్సుకు ఈ భేదం అవసరమైనదే.

రెండవది, కదలిక. బస్సు ఎక్కుట “గెట్ ఆన్”. దిగుట “గెట్ ఆఫ్”. థాయి భాషలో ‘ఖున్ రోత్’, ‘లోఙ్ రోత్’. అర్థమంతా క్రియలోనే ఉన్నది. ఇంగ్లీషులో అర్థభారాన్ని ‘ఆన్’, ‘ఆఫ్’ అనే తోక మాటలు మోస్తాయి. క్రియ కేవలం కదలికను సూచిస్తుంది. తోక వినిపించకపోతే వాక్యం తలక్రిందులవుతుంది.

మూడవది, ఒకరిచేత పడుట. ఇంగ్లీషులో దెబ్బ తిన్నా “గాట్ హిట్”, పదోన్నతి లభించినా “గాట్ ప్రొమోటెడ్”. థాయి భాష ఈ రెంటినీ ఒకే గాటను కట్టదు. చెడు జరిగితే తాకుట అనే అర్థం గల ‘థూక్’ను వాడటం సంప్రదాయం. ‘థూక్ తీ’ అంటే దెబ్బలు తినుట. శిక్ష పడితే ‘థూక్ లోఙ్ థోత్’. ఆ చివరి మాట మన ‘దోషం’. మంచి జరిగితే ‘దాయ్ రప్’, అనగా అందుకొనుట. ఎన్నికలో నెగ్గినవాడు ‘దాయ్ రప్’ అంటాడు గాని ‘థూక్’ అనడానికి ఇష్టపడడు. తెలుగులోనూ తన్నులు తింటారు, మాట పడతారు. సన్మానం మాత్రం పొందుతారు. ఈ జాగ్రత్త ఇంగ్లీషు ‘గెట్’కు లేదు. “గాట్” అనే మాట విన్న థాయి విద్యార్థి తనకు అలవాటైన ‘దాయ్’ను తలచుకొని మంచి వార్త వస్తుందని ఎదురుచూస్తే, చెడు వార్త వినవలసి రావచ్చును.

నాల్గవది, ఇతరులచేత పని చేయించుకొనుట. మంగలివద్ద జుట్టు కత్తిరించుకొన్నవాడు ఇంగ్లీషులో “ఐ గాట్ మై హెయిర్ కట్” అనాలి. థాయి భాషలో ‘తత్ ఫోమ్’, అనగా ‘జుట్టు కత్తిరించుట’ అంటే చాలు. ఎవరు కత్తిరించినారో అందరికీ తెలిసినదే. అందువలన థాయి విద్యార్థి “ఐ కట్ మై హెయిర్” అంటాడు. వినే ఇంగ్లీషువాడు, ఇతడు అద్దం ముందు నిలిచి తానే కత్తెర పట్టినాడేమో అనుకొంటాడు. తెలుగులో ‘చేయు’, ‘చేయించు’ అని క్రియారూపంలోనే భేదం ఉన్నది కనుక తెలుగువారికి ఈ విషయం గ్రహించడం కొంత తేలిక.

ఐదవది అన్నిటికంటె సూక్ష్మమైనది. “ఐ గాట్ టు గో” అనే వాక్యానికి రెండు అర్థాలు ఉన్నవి. వెళ్ళే అవకాశం దొరికినదని ఒకటి. ఇది సరిగా ‘దాయ్ పయ్’. ఇక వెళ్ళి తీరవలెనని మరొకటి. ఇది “ఐ హావ్ గాట్ టు గో” అనే వాక్యం వాడుకలో అరిగిపోగా మిగిలిన రూపం. రెండవ అర్థానికి థాయి భాషలో ‘తోఙ్ పయ్’ అనాలి. అదృష్టం ఒకటి, నిర్బంధం ఒకటి. మాటలు మాత్రం అవే. తన భాషలోని ‘దాయ్ పయ్’తో మొదటి అర్థం చక్కగా కలిసిపోవడంవలన, థాయి విద్యార్థికి రెండవ అర్థం ఉన్నదనే అనుమానమే రాదు. రెండు భాషలూ కలిసిన చోట కూడా గుంట ఉండవచ్చునని దీనివలన తెలుస్తున్నది.

చెవికి కలిగే ఇబ్బంది

అర్థంలోని చిక్కుకు ధ్వనిలోని చిక్కు తోడైనది. థాయి భాషలో ఇంగ్లీషు ‘గ’కారంవంటి ధ్వని లేదు, దాని స్థానంలో ‘క’కారం పలుకుతారు. మాట చివరి ‘ట’కారాన్ని విడిచిపెట్టకుండా నోటిలోనే ఆపివేస్తారు. చివరి ‘ఫ’కారం వారి పలుకుబడిలో ‘ప’కారమవుతుంది. కనుక ‘గెట్ ఆఫ్’ అనే మాట ‘కెత్ ఆప్’గా మారి, ‘గెట్ అప్’కు చాలా దగ్గరగా వస్తుంది. మరొకవైపు, అమెరికన్లు ‘గెట్ అప్’ను కలిపి ‘గెడప్’ అన్నట్లు పలుకుతారు. పుస్తకంలో రెండు మాటలుగా చూసినదానిని చెవి ఒకే మాటగా వింటుంది. ఇక కాలభేదం సంగతి: థాయి క్రియలు కాలాన్నిబట్టి రూపం మార్చుకోవు. ‘గెట్’, ‘గాట్’ అనే రెండు రూపాలకు మధ్య ఒక్క అచ్చు మాత్రమే తేడా. ఆ అచ్చుమీదనే భూతకాలమంతా ఆధారపడి ఉన్నది.

విద్యార్థి ఏమి చేస్తాడు?

ఇటువంటి మాటలు ఎదురైనప్పుడు విద్యార్థులు సామాన్యంగా రెండు పనులు చేస్తారు. మొదటిది తప్పించుకొనుట. హీబ్రూ మాతృభాషగా గల విద్యార్థులను పరిశీలించి డాగుట్, లాఫర్ అనే పరిశోధకులు 1985లో ఈ విషయాన్ని ప్రకటించినారు. హీబ్రూ భాషలో క్రియకు తోక మాట చేర్చే పద్ధతి లేదు. అందువలన ఆ విద్యార్థులు అటువంటి ఇంగ్లీషు క్రియలను విడిచి, అదే అర్థం గల ఒంటి మాటలను ఎన్నుకొన్నారు. తప్పించుకొన్నవాడు తప్పు చేయడు కనుక పరీక్షలో అతని లోపం బయటపడదు. కాని ఎదుటివాడు మాట్లాడేటప్పుడు ఆ మాటలను తప్పించుకొనే వీలు లేదు.

రెండవది, కేంద్రార్థాన్ని మాత్రమే నమ్ముట. డచ్చి విద్యార్థులపై ఎరిక్ కెల్లర్‌మన్ 1978లో ప్రకటించిన పరిశోధన ఇందుకు నిదర్శనం. విరుచుట అనే అర్థం గల ఇంగ్లీషు ‘బ్రేక్’, డచ్చి ‘బ్రేకెన్’ దగ్గరి బంధువులు. ‘బ్రేకెన్’ గల 17 వాక్యాలను ఇచ్చి, వీటిలో వేటిని ఇంగ్లీషులోకి అట్లాగే మార్చవచ్చునని అడిగితే, కాలు విరుగుటవంటి వాక్యాలను విద్యార్థులు సంకోచం లేకుండా అంగీకరించినారు. ప్రతిఘటన విరుగుటవంటి దూరపు అర్థాలను మాత్రం సందేహించినారు. నిజానికి అవి కూడా ఇంగ్లీషులో చెల్లుతాయి. మాతృభాషలోని కేంద్రార్థం పరభాషలోనూ ఉంటుందనీ, దూరపు అర్థాలు తమ భాషకే ప్రత్యేకమనీ మనస్సు భావిస్తుందన్నమాట.

మాటల సంఖ్య తగ్గించినంత మాత్రాన భాష సులభం కాదనడానికి మరొక చారిత్రక ఉదాహరణ ఉన్నది. 1930లో సి. కె. ఆగ్డెన్ అనే పండితుడు ‘బేసిక్ ఇంగ్లీషు’ అనే పథకాన్ని ప్రకటించినాడు. 850 మాటలతో సర్వవ్యవహారాలూ నడపవచ్చునని ఆయన ఆశ. ఆ 850లో క్రియలు 18 మాత్రమే. వాటిలో ‘గెట్’ ఒకటి. ‘లేచుట’, ‘చేరుట’, ‘పొందుట’, ‘అగుట’ మొదలైన వాటికి వేర్వేరు క్రియలు నేర్చుకొనే శ్రమ తప్పినది. కాని ఆ భారమంతా ‘గెట్’ వంటి కొద్ది క్రియల వీపుమీద పడినది. గోనెల సంఖ్య తగ్గినది గాని బరువు తగ్గలేదు. జాబితా చిన్నదైనా, నేర్చుకోవలసిన అర్థాలు అన్నీ మిగిలే ఉన్నవి.

నేర్చుకొనే మార్గం

ఇరవై అర్థాలను ఇరవై థాయి మాటలతో జతచేసి కంఠస్థం చేయడం ఒక మార్గం. ఇది శ్రమ ఎక్కువ, ఫలం తక్కువ అయిన పని. సంబంధం లేని ఇరవై విషయాలను జ్ఞాపకం ఉంచుకోవడంకంటె, ఒకే సూత్రానికి కట్టిన ఇరవై పూసలను జ్ఞాపకం ఉంచుకోవడం సులభం. ‘క్రొత్త స్థితిలోనికి వచ్చుట’ అనేది ఆ సూత్రం.

వాక్యంలో ‘గెట్’ తరువాత ఏమి వచ్చినదో చూడటం రెండవ సోపానం. నామవాచకం వస్తే చాలావరకు ‘పొందుట’. గుణవాచకం వస్తే ‘అగుట’. అప్పుడు థాయి విద్యార్థి తన ‘ఖున్’, ‘లోఙ్’లను తలచుకోవచ్చును. స్థలవాచకం వస్తే ‘చేరుట’. ‘అప్’, ‘ఆఫ్’ వంటి తోక వస్తే అర్థాన్ని ఆ తోకలోనే వెదకాలి. వస్తువూ, దాని తరువాత ‘కట్’ వంటి రూపమూ వస్తే ‘చేయించుకొనుట’. ఈ విధంగా ‘గెట్’ ఒంటరిగా ఉన్నప్పుడు అస్పష్టమైనా, పొరుగు మాటతో కలిసినప్పుడు స్పష్టమవుతుంది. ఇంగ్లీషు పిల్లలు కూడా ఈ క్రియను నిఘంటువునుండి నేర్చుకోరు. పొరుగు మాటలతో కలిపి వేలసార్లు విని నేర్చుకొంటారు.

ఇప్పుడు ఆసుపత్రిలోని నర్సు వద్దకు తిరిగి రావచ్చును. “గెట్ మై రిపోర్ట్” అన్నప్పుడు నామవాచకం వినిపించినది, కనుక అందుట: ‘దాయ్ రప్’. “గెట్ అప్” అన్నప్పుడు తోక పైకి చూపినది, కనుక లేచుట: ‘లుక్ ఖున్’. “గెట్ డిజ్జీ” అన్నప్పుడు గుణవాచకం వచ్చినది; తల తిరగడం మొదలవుతున్నదన్నమాట. “గెట్ ఇట్” అన్నచోట చేతికి పట్టుకొనే వస్తువేదీ లేదు, కనుక అర్థమగుట. థాయివారు దీనిని ‘ఖవ్ జయ్’, అనగా ‘హృదయంలో ప్రవేశించుట’ అంటారు. ఇంగ్లీషువాడు భావాన్ని పట్టుకొంటే, థాయివాడు భావానికి తలుపు తెరుస్తాడు. “గెట్ హోమ్” అన్నప్పుడు స్థలం వచ్చినది, కనుక చేరుట: ‘థుఙ్ బాన్’.

ఇక మిగిలినది “గెట్ ఆఫ్ దిస్ మెడిసిన్”. ‘ఆఫ్’ అనే తోకను నర్సు జాగ్రత్తగా వింటే, బండి దిగినట్లు మందునుండి దిగిపోవాలని రోగి కోరుతున్నాడని గ్రహిస్తుంది. థాయి భాషలో అది ‘యుత్ యా’, మందు ఆపుట. సందేహం ఉంటే ‘స్టాప్’ అనే మాటతో తిరిగి అడుగుతుంది. రోగి తల ఊపుతాడు. లేచినప్పుడు అతనికి తల తిరగడానికి, మందు మానాలని అతడు కోరడానికి గల సంబంధం ఆమెకు అప్పుడు తోస్తుంది. ఆమె ఆ సంగతి చీటీమీద వ్రాసుకొని వైద్యునికి తెలియజేస్తుంది.